కువైట్ అక్క తెలుగు ఎక్కడికీ పోలేదు

ఉమ్మడి కడప జిల్లాలో, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు, కువైట్‌కు ఒక్క మనిషినైనా పంపని ఊరు దొరకడం కష్టం. ఇళ్ళల్లో వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి, కార్లు నడపడానికి పోయినవాళ్ళే ఎక్కువ. ఎప్పుడో సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ళ మాట మధ్యలో ఒక అరబ్బీ ముక్క దొర్లినా, ఏదో పేరు కోసం కాసేపు తడుముకున్నా చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోరు. "తెలుగు గూడా మర్చిపోయినావా?" అంటారు. కొందరు నవ్వుతూ అంటారు, కొందరు కావాలనే అంటారు. ఎట్లా అన్నా అందులో ఉన్న నింద ఒకటే. డబ్బు కోసం పోయి సొంతది పోగొట్టుకున్నావని.

మా పెద్దమ్మ కూతురు ఈ మాట చాలాసార్లు పడింది. పడీపడీ తనే నమ్మడం మొదలుపెట్టింది. "మాట నోటికాడికొచ్చి నిలబడిపోతాదిరా అబ్బీ. నాకేమన్నా రోగమా?" అని ఒకసారి నన్నడిగింది. ఆమెకు సరైన జవాబు చెప్పాలనే, సొంత భాష పోవడాన్ని పరిశోధకులు ఎట్లా చదువుతారో తెలుసుకోవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకు ఒక విషయం గట్టిపడింది. మనం నిందించే మనుషులు ఒకచోట ఉన్నారు, భాష నిజంగా పోతున్న చోటు ఇంకొకటి. అక్క తెలుగు పోలేదు. పోతున్నది టౌన్లలో, ఏడెనిమిదేళ్ళ పిల్లల దగ్గర. ఎంత పోతోందో కొలవడానికి కావలసిన ఆధారాలు కూడా మన కళ్ళ ముందే కరిగిపోతున్నాయి.

ఈ రంగం విడిగా నిలబడింది 1980 నుంచి అనుకోవచ్చు. ఆ ఏడాది అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, వచ్చిన భాషను కోల్పోవడం అనే అంశం మీదే ఒక సదస్సు జరిగింది. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళ గురించి వైద్యులు అంతకుముందే చాలా రాశారు. వలస కుటుంబాల్లో రెండు మూడు తరాలకు భాష మారిపోవడం గురించి సామాజిక శాస్త్రజ్ఞులు రాశారు. ఈ ఇద్దరికీ మధ్య ఒక మనిషి మిగిలిపోయాడు. ఆరోగ్యంగా ఉన్నాడు, మెదడుకు ఏ దెబ్బా తగల్లేదు, సొంత భాష నిండుగా నేర్చుకున్నాడు. అయినా ఏళ్ళ తరబడి వేరే భాష మధ్య బతికాక సొంత మాటల దగ్గర తడబడుతున్నాడు. అతనిలో ఏం జరుగుతోందన్నది ఈ రంగం అడిగే ప్రశ్న.

తాత మాట్లాడిన భాష మనవడికి రాకపోవడం దీని కిందికి రాదు. అక్కడ ఏ ఒక్క మనిషీ ఏదీ మర్చిపోలేదు, భాష ఒకరి నుంచి ఇంకొకరికి అందలేదు, అంతే. చిన్నప్పటి నుంచీ అరకొరగా విన్న పిల్లవాడికి అరకొరగానే రావడం మూడో సంగతి. అసలు రానిదాన్ని పోయిందనలేం. ప్రతి ఆగస్టు 29న మన సభల్లో ఈ మూడిటినీ ఒక్కచోట కుప్ప పోసి, తెలుగు చచ్చిపోతోందని బాధపడతారు. ఆ బాధ నిజమైనదే, నాకూ ఉంది. కానీ ఏది ఎవరి దగ్గర పోతోందో విడదీయకపోతే దేనికీ మందు వెయ్యలేం.

మరి కొలిచేది ఎట్లా? "నీకు నీ భాష ఎంత వచ్చు?" అని అడగడం వాళ్ళ పద్ధతుల్లో ఒకటి. దానితో మాత్రం ఆగరు, ఎందుకంటే సిగ్గుపడే మనిషి ఉన్నదానికంటే తక్కువ చెప్తాడు. మా అక్కే దానికి సాక్ష్యం. అందుకని మాట్లాడిస్తారు. చాలా దేశాల్లో వాడుతున్న పద్ధతి ఒకటి ఉంది. చార్లీ చాప్లిన్ 1936లో తీసిన 'మోడరన్ టైమ్స్' నుంచి సుమారు పది నిమిషాల ముక్క చూపిస్తారు. ఆకలితో ఉన్న అమ్మాయి రొట్టె దొంగిలించి పట్టుబడే ఘట్టం అందులో ఉంటుంది. చూశాక ఏం జరిగిందో సొంత భాషలో చెప్పమంటారు. దాదాపు మూకీ సినిమా కాబట్టి చెప్పేవాళ్ళకు ఏ భాషా అరువు దొరకదు. అందరూ చెప్పేది ఒకే కథ కాబట్టి ఒకరి మాటను ఇంకొకరి మాటతో పోల్చవచ్చు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. రికార్డయిన మాటను అక్షరం వదలకుండా రాసుకుంటారు. ఎన్ని వేరువేరు మాటలు వాడారు, ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, "అదీ... అదేందబ్బా..." అంటూ ఎన్నిసార్లు సాగదీశారు, మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలో వదిలి ఎక్కడ మళ్ళీ అందుకున్నారు, ఇవన్నీ లెక్కపెడతారు. దీనితోపాటు చిన్న పరీక్షలు కూడా ఉంటాయి. 60 సెకన్లలో గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పమంటారు. బొమ్మ చూపించి, పేరు నోటి వెంట రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూస్తారు. మాటల చివరి సగాలు చెరిపేసిన పేరా ఇచ్చి పూరించమంటారు. వాక్యాలు వినిపించి ఏది సరిగా ఉందో, ఏది లేదో చెప్పమంటారు. కొన్ని అధ్యయనాల్లో ఆ గొంతును ఊరు వదలని మనుషులకు వినిపించి, ఈ మనిషి మనవాడేనా, బయటివాడా అని అడుగుతారు. ఈ ఆఖరిది నాకు చాలా కఠినంగా అనిపిస్తుంది. అయినా మన ఊళ్ళల్లో ఏ రికార్డూ లేకుండా, ఏ శిక్షణా లేకుండా రోజూ జరిగే పరీక్ష అదే కదా.

పెద్దయ్యాక వలస పోయినవాళ్ళ మీద దశాబ్దాల పాటు ఇట్లా చూసిన తర్వాత తేలింది ఏమిటంటే, వాళ్ళలో వ్యాకరణం పెద్దగా చెదరదు. తగ్గేది వేగం. మాట వెతుక్కోవడం ఎక్కువవుతుంది, ఆగడం ఎక్కువవుతుంది, అరుదుగా వాడే మాటలు వెనక్కి పోతాయి, ఉచ్చారణలో కొంత తేడా రావచ్చు. మాట తలలోనే ఉంటుంది, దాన్ని పట్టుకుని పైకి తేవడానికి పట్టే శ్రమ పెరుగుతుంది. మన సీమలో వెనకటికి జొన్నలు పాతర వేసేవాళ్ళు. ఏళ్ళ తర్వాత మూత తీసినా గింజలు అక్కడే ఉంటాయి, కాకపోతే మీద కప్పిన మన్నంతా తవ్వాలి. అక్క తెలుగు అట్లాంటిది. సెలవు మీద వచ్చిన మొదటి వారం తడబడే మనిషి, మళ్ళీ విమానం ఎక్కేనాటికి అత్తలతో మాటకు మాట అంటుకోవడంలో ఎవరికీ అందదు.

ఎందుకిట్లా అన్నదానికి కెనడాకు చెందిన మిషెల్ పారడీ ఇచ్చిన వివరణ ఉంది. ఒక మాట ఎంత తరచుగా, ఎంత ఇటీవల వాడితే దాన్ని మేలుకొల్పడానికి అంత తక్కువ బలం చాలు. వాడకం తగ్గితే ఎక్కువ బలం కావాలి. పైగా అరబ్బీ మాట పలకాలంటే తెలుగు మాటను ఆ క్షణానికి అణచిపెట్టాలి. ఈ అణచివేతను నేరుగా పట్టుకోవాలని 2007లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉండి స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థుల చేత బొమ్మల పేర్లు పదే పదే స్పానిష్‌లో చెప్పించారు. ఆ తర్వాత అవే బొమ్మల ఇంగ్లీషు పేర్లు గుర్తుచేసుకోవడం, స్పానిష్ అంతగా రానివాళ్ళకు, కష్టమైంది. తర్వాత ఇంకొకచోట ఇట్లాంటి ప్రయోగమే చేస్తే అదే ఫలితం రాలేదు. అందుకని దాన్ని చివరి మాటగా నేను చెప్పను. అణచివేత అనే ఊహ మాత్రం అక్క అనుభవానికి దగ్గరగా ఉంది. పనింట్లో పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా అరబ్బీలో జవాబివ్వాలి. ఆ సమయంలో తెలుగు మాట అడ్డొస్తే పని చెడుతుంది.

వాడకం తగ్గితే భాష తగ్గుతుందన్నది మామూలు తెలివికి సులభంగా అందే సంగతి. నన్ను ఆశ్చర్యపరిచింది, లెక్కలు అంత సూటిగా లేకపోవడం. జర్మనీ నుంచి కెనడాకు, నెదర్లాండ్స్‌కు పోయి చాలా ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళను మోనికా ష్మిడ్ అనే భాషాశాస్త్రవేత్త పరిశీలించారు. ఇంట్లో, స్నేహితులతో జర్మన్ ఎంత ఎక్కువ మాట్లాడితే అంత బాగా నిలిచిందని ఆమెకు తేలలేదు. కొంత తేడా కనిపించింది ఉద్యోగంలో జర్మన్ వాడేవాళ్ళ దగ్గర. పని చోట రెండు భాషల్ని కలపకుండా జాగ్రత్తగా మాట్లాడాలి, ఆ సాధన నిలబెడుతుందని ఒక వివరణ. ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది వాట్సాప్. మన గల్ఫ్ కుటుంబాలు రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాయి. మంచిదే. కానీ "తిన్నావా, పిల్లోడు బడికి పోయినాడా, దుడ్లు వచ్చినాయా" అనే ఆ నాలుగు మాటలే రోజూ తిరుగుతాయి. మిగతా తెలుగుకు అక్కడ పని ఉండదు.

ష్మిడ్ పేరు మొదట తెలిసింది ఇంకొక పని వల్ల, నన్ను కదిలించింది కూడా అదే. 2002లో పుస్తకంగా వచ్చింది. నాజీల కాలంలో జర్మనీ వదిలి ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు పోయిన యూదులతో, వాళ్ళ ముసలితనంలో చేసిన ముఖాముఖి రికార్డులు ఆమె తీసుకున్నారు. అందరూ డ్యూసెల్‌డార్ఫ్ నగరం వాళ్ళు. ఎప్పుడు దేశం వదిలారన్నదాన్ని బట్టి వాళ్ళను గుంపులుగా చేశారు. హింస ఇంకా పెరగని తొలి ఏళ్ళలోనే పోయినవాళ్ళు, ఆ తర్వాత పోయినవాళ్ళు, 1938 నవంబరులో యూదుల ఇళ్ళూ దుకాణాలూ ప్రార్థనా మందిరాలూ ధ్వంసం చేసిన ఆ రాత్రి తర్వాత పోయినవాళ్ళు. తొందరగా పోయినవాళ్ళు ఎక్కువ కాలం జర్మన్‌కు దూరంగా ఉన్నారు కాబట్టి వాళ్ళదే ఎక్కువ పోయి ఉండాలి. జరిగింది దానికి ఎదురు. అందరికంటే ఎక్కువ చెదిరింది ఆఖరున పోయినవాళ్ళ జర్మన్. ఏ వయసులో పోయారు, ఎంత వాడారు అన్నవాటికంటే, ఆ భాష మాట్లాడే మనుషులు తమకు ఏం చేశారన్నది ఎక్కువ తేడా చూపించింది.

ఆ హింసతో మన దేన్నీ పోల్చకూడదు. నేను పోల్చను. కానీ ఆ పరిశోధన నాకు ఒక దిక్కు చూపించింది. దూరాన్ని లెక్కపెట్టడం మానేసి, మనిషి తన మాట గురించి ఏం అనుకునేలా చేశారో చూడమంది. మన దగ్గర దానికి జవాబు వెతకాలంటే కువైట్ దాకా పోనక్కర్లేదు. ఇంటర్ చదువుకు హైదరాబాదు, విజయవాడ హాస్టళ్ళకు పోయే మా సీమ పిల్లల్ని చూడండి. "వస్తాండా", "యాడుండావు" అన్న మొదటి వారమే పక్క మంచం వాడు నవ్వుతాడు. సినిమాల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఈ యాస కత్తి పట్టిన వాడికో, వాడి వెనక జీపులో నిలబడ్డ వాడికో మాత్రమే దక్కింది. ప్రేమించేవాడు, పాఠం చెప్పేవాడు, పిల్లకు జోలపాడే తల్లి ఆ సినిమాల్లో ఇంకో తెలుగు మాట్లాడతారు. పదహారేళ్ళ పిల్లవాడు సెలవులకు ఇంటికొచ్చి, అవ్వతో కూడా పుస్తకం మాటే మాట్లాడుతుంటే ఆమె మొహం చూడలేం. ఆ పిల్లవాడు ఏదీ మర్చిపోలేదు, కోపం వస్తే పాత మాటంతా తన్నుకొస్తుంది. పోయింది దాన్ని నలుగురిలో వాడే ధైర్యం. దాన్ని ఏ పరీక్షా పట్టుకోలేకపోవచ్చు. నేను దాన్ని నష్టమే అంటాను.

ఇక్కడే పరీక్ష గురించిన నా అసలు పేచీ మొదలవుతుంది. ఎవరి భాషైనా తగ్గిందని చెప్పాలంటే, దేనికంటే తగ్గిందో చెప్పాలి. ఈ రంగంలో జాగ్రత్తగా పనిచేసేవాళ్ళు దీన్ని బాగా పట్టించుకుంటారు. వలస పోయిన మనిషిని వ్యాకరణ పుస్తకంతో పోల్చరు. అదే ప్రాంతంలో పుట్టి, అదే వయసుండి, అంతే చదువుకుని, ఊరు వదలని మనుషులతో పోలుస్తారు. ఎందుకంటే ఊళ్ళో భాష కూడా ఆగి ఉండదు.

రేపు ఎవరైనా కువైట్ తెలుగువాళ్ళ మీద ఇట్లాంటి పరీక్ష తయారుచేశారనుకుందాం. పాఠ్యపుస్తకాల తెలుగులో వాక్యాలు రాసి, తప్పా ఒప్పా అని అక్కను అడుగుతారు. ఆమెకు "వస్తున్నాడు" ఎంత సరైనదో "వస్తాండాడు" అంతే సరైనది, "ఉండాది" అంటే ఆమె చెవికి ఏ లోటూ లేదు. రాసినవాళ్ళ దగ్గర అది తప్పుల పట్టీలో చేరితే, ఆమె ఏనాడూ మాట్లాడని తెలుగును ఆమె కోల్పోయినట్టు లెక్క తేలుతుంది. బొమ్మల పరీక్షలోనూ అంతే. వేరుశనగ బొమ్మ చూపిస్తే కడపలో, అనంతపురంలో చెనిక్కాయ అంటారు, కర్నూలు వైపు బుడ్డలు అంటారు. పక్కపక్క జిల్లాలకే ఒక్క జవాబు పనికిరాదు. ఇక వస్తువే పోయిన మాటల సంగతి వేరు. బావి మీద ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలడం కరెంటు మోటార్లు వచ్చాక ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ మనిషికి కపిల భాగాల పేర్లు తెలియకపోతే అది అతని భాష పోవడం కాదు, అతను పుట్టేనాటికి ఆ పనే లేదు.

ఈ విషయంలో మనకొక గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాకూ మనుషుల్ని పంపి, రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాలు సేకరింపజేసి తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం 1962లో అచ్చయింది. తర్వాత చేనేత మీద ఇంకో సంపుటం వచ్చింది. తెలుగు అంటే ఒక్క జిల్లా తెలుగే కాదని అంత పద్ధతిగా చూపించిన పని అది. అయితే పదకోశంలో పదాలుంటాయి, మాట్లాడే తీరు ఉండదు. ఒక కడప రైతు పంట పోయిన సంగతి చెప్పేటప్పుడు ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ వాక్యం తిప్పుతాడు అన్నది గొంతులోనే దొరుకుతుంది. పోలికకు కావలసింది ఆ గొంతులు.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వస్తాను. నాకు నిజంగా భయం కలిగించేది ఈ భాగం.

ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ పాలియే బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య వయసులో కొరియా నుంచి ఫ్రెంచి కుటుంబాలు దత్తత తీసుకున్న ఎనిమిది మందిని, వాళ్ళు పెద్దయ్యాక పరీక్షించారు. మూడేళ్ళ పిల్లే గడగడా మాట్లాడుతుంది, ఎనిమిదేళ్ళ పిల్లవాడైతే కథలు చెప్తాడు. అట్లాంటివాళ్ళు పెద్దయ్యాక, కొరియన్ వాక్యాలను ముక్కూ మొహం తెలియని వేరే భాషల వాక్యాల నుంచి విడదీయలేకపోయారు. కొరియన్ వింటున్నప్పుడు వాళ్ళ మెదడును స్కాన్ చేస్తే, ఆ భాష ఎన్నడూ వినని ఫ్రెంచివాళ్ళకూ వాళ్ళకూ తేడా దొరకలేదు. ఒక మనిషి మొదటి ఎనిమిదేళ్ళ భాష అంతగా కనుమరుగు కావచ్చు.

తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ చిత్రాన్ని కొంచెం మార్చాయి. 2014లో కెనడాలోని మాంట్రియల్‌లో లారా పియర్స్, ఫ్రెడ్ జెనెసీ, డెనిస్ క్లైన్ బృందం, సుమారు ఏడాది వయసులో చైనా నుంచి దత్తతకు వచ్చి ఫ్రెంచి ఒక్కటే మాట్లాడుతూ పెరిగిన అమ్మాయిల్ని చూసింది. అప్పటికి వాళ్ళ వయసు 9 నుంచి 17. చైనీస్‌లో స్వరం ఎత్తుపల్లాలు మారితే అర్థం మారుతుంది. ఆ స్వరాలు వినిపించినప్పుడు ఈ అమ్మాయిల మెదడు, చైనీస్ మాట్లాడేవాళ్ళ మెదడు స్పందించినట్టే, ఎడమవైపు స్పందించింది. చైనీస్ ఒక్క మాటా రాదు, విన్న గుర్తే లేదు, అయినా ఆనవాలు ఉంది. 2017లో నెదర్లాండ్స్‌లో ఇంకో బృందం, పసితనంలో కొరియా నుంచి దత్తతకు వచ్చిన పెద్దవాళ్ళకు కొరియన్ ధ్వనులు కొన్నాళ్ళు నేర్పింది. కొరియాతో ఏ సంబంధమూ లేని డచ్చివాళ్ళకంటే వాళ్ళు బాగా పలికారు. మాటలు కూడా రాని నెలల వయసులో వచ్చేసినవాళ్ళకు సైతం ఆ లాభం దక్కింది.

ఈ ఆనవాలును చూసి సంతోషిస్తాను, కానీ దాని మీద భరోసా పెట్టుకోను. ఆనవాలు ఉన్నంత మాత్రాన అవ్వతో మాట్లాడలేరు. మొత్తమ్మీద పరిశోధనలు చెప్తున్నది, సుమారు 12 ఏళ్ళ వయసు దాకా సొంత భాష చాలా తేలికగా చెదిరిపోతుందని, ఆ వయసు దాటాక వలస పోయినవాళ్ళలో అది బాగా గట్టిపడి ఉంటుందని. ఇది కత్తితో గీసిన గీత కాదు. అయినా మన నిందలు ఎంత తప్పు చోట పడుతున్నాయో చెప్పడానికి ఇది చాలు. పాతికేళ్ళకు కువైట్ ఎక్కిన మనిషి తెలుగు గురించి టెన్షన్ పడుతున్నాం. ఐదేళ్ళకు అనంతపురం నుంచి బెంగళూరుకు మారిన పిల్ల గురించి నిశ్చింతగా ఉన్నాం, నాలుగు గంటల దారే కదా అని.

మా తమ్ముడి కూతురు అట్లా మారిన పిల్లే. పోయేనాటికి ఎడతెరిపి లేకుండా మాట్లాడేది. ఇప్పుడు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. అర్థమవుతుంది, నోరు తిరగదు. తమ్ముణ్ణి, మరదల్ని తప్పుపట్టను. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు, పిల్ల బడిలో, అపార్ట్‌మెంట్ ఆటస్థలంలో తెలుగుకు చోటు లేదు. కడప టౌన్లో మా వీధి పిల్లల సంగతి కూడా దీనికి చాలా దూరంగా లేదు. తెలుగు వాళ్ళ చుట్టూ ఉంది, అంకెలు మాత్రం ఇంగ్లీషులోనే చెప్తారు, "నలభై ఏడు" అంటే ఒక్క క్షణం ఆగి చూస్తారు. రంగులు, కూరగాయలు, వారాలు కూడా ఇంగ్లీషులోనే. వాళ్ళలో ఏది మొదట వచ్చి తర్వాత పోయింది, ఏది అసలు రానేలేదు అన్నది వాళ్ళను నాలుగైదేళ్ళ పాటు వెంబడి చూస్తే గాని తెలియదు. అట్లా చూసే పని మన విశ్వవిద్యాలయాలు చెయ్యాలి.

నేను గమనించిన ఇంకో సంగతి ఉంది. మా ఊరి వైపు మంచి కడప తెలుగు నిండుగా మాట్లాడే పిల్లలెవరంటే, తల్లులు కువైట్‌లో ఉండి, అవ్వల దగ్గర పెరుగుతున్నవాళ్ళు. వాళ్ళ దిగులు నాకు తెలుసు, తల్లి దగ్గర లేకపోవడాన్ని ఏ భాషా పూడ్చదు. కానీ పొద్దుగుంకులూ అవ్వ మాట వింటూ పెరగడం ఎంత పని చేస్తుందో వాళ్ళను వింటే తెలుస్తుంది. వినడం కూడా వృథా కాదని చూపించిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో టెర్రీ ఆవు బృందం 2002లో ప్రచురించింది. చిన్నప్పుడు ఇంట్లో స్పానిష్ వింటూ, మాట్లాడకుండా పెరిగినవాళ్ళు పెద్దయ్యాక ఆ భాష నేర్చుకుంటే, ఎన్నడూ వినకుండా నేర్చుకుంటున్నవాళ్ళకంటే ఉచ్చారణ మెరుగ్గా ఉంది. అందుకే తమ్ముడికి చెప్పాను, పిల్ల ఇంగ్లీషులో జవాబిచ్చినా మీరు తెలుగు ఆపొద్దని, సెలవులకు ఇక్కడికి పంపమని.

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 85వ నంబరు జీవోతో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టాలని చూసింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో జరిగిన వాదనలు గుర్తున్నాయి. ఒకవైపు తెలుగుతల్లి, ఇంకోవైపు పేదవాడి ఉద్యోగం. ఇంగ్లీషు కోరుకునే కూలీ తల్లిది న్యాయమైన కోరిక, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు, ముఖ్యంగా తమ పిల్లల్ని కాన్వెంట్లకు పంపి సభల్లో మాట్లాడేవాళ్ళు. కానీ ఒకటి నుంచి ఆరు అంటే సరిగ్గా భాష చెదిరే వయసు. ఆ వయసు పిల్లవాడికి రోజులో ఎన్ని గంటలు తెలుగు చెవిన పడుతుంది, ఎన్ని గంటలు నోట పలుకుతుంది అన్న ప్రశ్నను రెండు పక్షాల వాళ్ళూ పక్కన పెట్టేశారు. పరిశోధన పనికొచ్చేది సరిగ్గా అక్కడ.

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 8.11 కోట్లు. ఆ అంకె చూసి కొందరు ధైర్యపడతారు, మూడో స్థానం మరాఠీకి పోయి నాలుగుకు దిగామని కొందరు బాధపడతారు. కాగితం మీద మాతృభాష గడిలో తెలుగని రాయించుకున్న పిల్లవాడు అవ్వకు ఒక కథ తిరిగి చెప్పగలడా లేదా అన్నది ఆ అంకెలో లేదు. క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనం మా జిల్లాదేనని మేం గర్వంగా చెప్పుకుంటాం. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్, పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించిన బంగళా చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. రాతి మీద ఉన్నదీ, తాళపత్రం మీద ఉన్నదీ కాపాడుకోవడం తెలిసిన జిల్లా ఇది. గొంతుల్ని కూడా అంత శ్రద్ధగా దాచాలని అడుగుతున్నాను. కడప, అనంతపురం, కర్నూలు మూడింటిలోనూ, ఊరు దాటని ముసలివాళ్ళవి, నడివయసు వాళ్ళవి, పన్నెండేళ్ళ లోపు పిల్లలవి. చాప్లినే కానక్కర్లేదు, మాటల్లేని ఏ బొమ్మల కథైనా చాలు, కాకపోతే అందరికీ ఒకటే చూపించాలి. ఇప్పుడు రికార్డు చేస్తే పదేళ్ళ తర్వాత పోల్చడానికి ఏదో ఉంటుంది. అడిగేవాళ్ళు కూడా సీమ యాసలోనే అడగాలి. లేకపోతే మా వాళ్ళు మర్యాదకు పుస్తకం తెలుగులోకి మారిపోతారు, రికార్డు చేసినదంతా దండగ.

ఇందులో మనకు ఎక్కడా దొరకని సొత్తు ఒకటి ఇళ్ళల్లోనే ఉంది. ఫోను నిమిషానికి బంగారం ఖరీదున్న రోజుల్లో గల్ఫ్ నుంచి ఉత్తరాల బదులు క్యాసెట్లు వచ్చేవి. ఇటు నుంచి కూడా ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని మాట్లాడి పంపేవాళ్ళం. ఒకే మనిషి ఏళ్ళ తరబడి తన ఇంటివాళ్ళతో ఏ పరీక్షా లేకుండా మాట్లాడిన మాట వాటిలో ఉంది. వలస పోయిన తొలినాటి గొంతు పరిశోధకులకు దొరకడం చాలా అరుదు. వాళ్ళు ఒక మనిషి దగ్గరికి చేరేసరికి ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. మా పెద్దమ్మ బీరువాలో అక్క పంపినవి ఉన్నాయి. కొన్నిటి టేపుకు బూజు పట్టింది. డిజిటల్‌లోకి మార్చేవాళ్ళ కోసం ప్రొద్దుటూరులో, కడపలో అడుగుతున్నాను.

అక్క ఈసారి వచ్చినప్పుడు ఆ మాట చెప్పి, వాటిని విశ్వవిద్యాలయం వాళ్ళకు ఇద్దామా అని అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. "కొన్నిట్లో ఏడ్చినాన్రా. అయ్యి అమ్మకు తప్ప ఎవురికీ వద్దు. మిగతాయి ఇయ్యి" అంది. ఏవి ఏవో తనే పక్కన కూర్చుని విని చెప్తానంది. ముందు ఆ పని కావాలి.